ఒక మూత ఎక్కువ

రోజూ పొద్దున లేవగానే రెండు కొలతలు చూస్తాను. మొదటిది మా ఆయన బరువు, రెండోది మా కారు ఇంజన్ ఆయిలు. బరువు చూసే మిషన్ వరండాలో ఉంటుంది. కారు వరండా ముందు రేకుల కింద ఉంటుంది. మధ్యలో ఆరడుగులు కూడా ఉండవు. ఆ ఆరడుగులు నడిచేటప్పుడు నా గుండె ఎలా కొట్టుకుంటుందో ఎవరికీ చెప్పలేదు. ముప్పై రెండేళ్లు పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న టీచర్ని, రెండు అంకెలకు భయపడుతున్నానంటే నవ్వుతారు.

నవ్వితే నవ్వండి, భయపడతాను.

మా ఆయన రెండు కిడ్నీలూ పని మానేసి ఏడాది దాటింది. వారానికి మూడు రోజులు గుంటూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఆయన ఒంట్లో చేరిన నీటిని ఆ మిషనే తియ్యాలి, వేరే దారి లేదు. అందుకని ఆయన తాగే నీళ్లు నేను కొలిచి ఇస్తాను. మాత్రలు మింగే నీళ్లు, కాఫీ, చారు అన్నీ కలిపి రోజుకు ఒక చెంబుడు. అంతకు మించితే మర్నాటికి కాళ్లు వాస్తాయి, ఇంకా మించితే ఊపిరి అందదు. మనిషి బరువు ఇంతకు తగ్గకూడదు, ఇంతకు పెరగకూడదు అని డాక్టరు రెండు అంకెలు రాసిచ్చాడు. ఆ కాగితం గోడకు అంటించాను.

మా ఊరు మార్టూరుకూ అద్దంకికీ మధ్యన ఉంది. గుంటూరుకు బస్సులు లేకపోలేదు. మొదట్లో బస్సులోనే వెళ్లాం. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి, ఆయన బస్టాండులో నా భుజం మీద నుంచి జారి కింద కూర్చుండిపోయారు. ఆ రోజుతో బస్సు సరి. ఆటో అందామా, మిరప కోతలు మొదలయ్యాయంటే మా చుట్టుపక్కల ఖాళీ ఆటో కనబడదు. తెల్లవారే సరికి ఒక్కో ఆటోలో పదిహేను మంది కూలీలు కిక్కిరిసి పొలాలకు పోతుంటారు. కోతలు నాలుగు నెలలు. కిడ్నీలు నాలుగు నెలలు ఆగవు కదా.

కాబట్టి మాకు మిగిలింది మా కారే. ఇరవై రెండేళ్ల నాటి చిన్న కారు. వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు మొహమాటపడి దిగిపోతారు. ఆయన పొగాకు కంపెనీలో గ్రేడరుగా చేసే రోజుల్లో కొన్నారు. ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి, అది ఏ గ్రేడో చెప్పేవారు. ఆ అలవాటు కారు దాకా వచ్చింది. ఆయిల్ గేజీ పుల్ల బయటికి లాగి, దాని చివర ఉన్న చుక్కను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రాసి, కళ్లు మూసుకుని, "ఇంకో వెయ్యి కిలోమీటర్లు నడుస్తుంది" అనేవారు. నేను వంటింట్లోంచి, "గ్రేడు ఎంతొచ్చిందండీ?" అని ఏడిపించేదాన్ని. ఆయిలు మార్చే రోజు ఇంట్లో పండగే. డబ్బా ఆయనే తెచ్చుకోవాలి, ఆయన ముందే పొయ్యాలి. మెకానిక్ వేరే డబ్బా చూపిస్తే పెళ్లి సంబంధం తప్పించినట్టు మొహం పక్కకు తిప్పేవారు. అది ఏ ఆయిలో నేను ఎప్పుడూ అడగలేదు. నాకెందుకు, ఆయన ఉన్నారుగా అనుకున్నాను.

జబ్బు చేశాక ఆయన కారు వైపు చూడడం మానేశారు. నేను యాభై తొమ్మిదో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. హైస్కూలు గ్రౌండులో గోల్ పోస్టును రెండుసార్లు గుద్దాను. లైసెన్సు వచ్చిన రోజు పక్క సీట్లో ఆయన కూర్చున్నారు గానీ, గేరు మార్చేటప్పుడు ఒక్క మాటన్నా అనలేదు. తిట్టినా బాగుండేది. కిటికీలోంచి కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు చూస్తూ కూర్చున్నారు.

ఈస్టరు ముందొచ్చే శ్రమ దినాలు మొదలైన వారంలో ఆయిలు మార్చాల్సి వచ్చింది. ఆయన్ని అడిగాను.

"ఏవండీ, ఏ ఆయిలు తేవాలి?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటేంటి? మీరు ఎప్పుడూ ఒకటే పోసేవారుగా!"

"ఏదైనా ఒకటేలే. పొయ్యి."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అందులో ఇంకేదో ఉందని తట్టలేదు. ఒంట్లో బాగోలేని మనిషి విసుగు అనుకుని, అద్దంకి వెళ్లి పెద్ద షాపులో అడిగాను. అక్కడి అబ్బాయి ఏ కారు, ఎన్నేళ్లది అని ఒక్క ముక్క అడగలేదు. మెరిసే డబ్బా ఒకటి తీసి, "ఫుల్ సింథటిక్ మేడమ్, ఫైవ్ థర్టీ, ఇంతకు మించింది లేదు" అన్నాడు. ఖరీదు ఎక్కువంటే మంచిదే అయ్యుంటుందని నేనూ అనుకున్నాను. ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లకు ఆ జబ్బు పట్టుకుంటుంది. ఏది ఖరీదైతే అది ప్రాణం నిలబెడుతుందని నమ్మేస్తాం.

ఆ ఆయిలు నీళ్లలా పలచన. కొత్త బండ్లకు అది ప్రాణమేనట. ఇంజన్ లోపల అన్నీ బిగుతుగా ఉంటాయి గనక పలచని ఆయిలే సందుల్లోకి వెళుతుంది. మాది ఇరవై రెండేళ్లు అరిగిన ఇంజన్. దానికి ఒంటినిండా సందులే. అటు కాలిపోయి, ఇటు కారిపోయి, మూడు వారాలకే గేజీ పుల్ల మీద కింద గీత దగ్గరికి దిగిపోయింది. రేకుల కింద సిమెంటు మీద రోజూ కొత్త మరక. వెనక నుంచి నీలం పొగ. మా వీధిలో ఒకాయన, "టీచరమ్మా, దోమలకు ఫాగింగ్ మీరే పెడుతున్నారా?" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఇంట్లోకొచ్చి స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. ఈ బండి ఆగిపోతే ఈ మనిషి బతకడు, నాకు ఆ ఒక్క లెక్కే తెలుసు.

మా తమ్ముడికి ఫోను చేశాను. వాడు నాలుగెకరాలు మిరప వేస్తాడు. మోటారు సైకిలు మీద ట్రాక్టరు ఆయిలు క్యాను పెట్టుకుని వచ్చాడు.

వాడి సేద్యం గురించి ఇక్కడ చెప్పాలి. వాడిదే కాదు, మా వైపు మిరప రైతులందరిదీ అదే పద్ధతి. పురుగు మందు సీసా మీద ట్యాంకుకు రెండు మూతలు అని రాసి ఉంటే, వీళ్లు మూడు మూతలు పోస్తారు. రాసినవాడు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాశాడు, మన చేలో పురుగు వాడికేం తెలుసు అంటారు. ఆ ఒక మూత ఎక్కువ పొయ్యకపోతే రాత్రి నిద్ర పట్టదు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది నుంచి మూతల లెక్క కూడా పోయింది. నాలుగు రకాల మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడమే. పురుగు చావలేదు, చేలు మాడిపోయాయి. అయినా వాడి చెయ్యి సీసా దగ్గరికి వెళితే ఒక మూత ఎక్కువే పడుతుంది. అది మొండితనం అనుకుంటే పొరపాటు. చేను చస్తుంటే చూస్తూ ఊరుకోలేక పోసే మూత అది.

వాడు బానెట్ ఎత్తి, పలచని ఆయిలు మీదే చిక్కటి ట్రాక్టరు ఆయిలు పొయ్యడం మొదలెట్టాడు. నేను గేజీ పుల్ల తీసి చూశాను. పై గీత దాటింది.

"ఒరేయ్, చాలురా! గీత దాటింది."

"దాటనీ అక్కా. ఎటూ తాగుతోందిగా! గుంటూరు వెళ్లొచ్చే లోపు తాగేస్తది. పైన కొంచెం ఉంటేనే నీకు ధైర్యం."

"తక్కువైతే తప్పు గానీ, ఎక్కువైతే ఏమవుతుందిలే" అని నేనే అన్నాను. ఈ మాట వాడి మీదకు నెట్టలేను. క్యాను ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి నేనే చూశాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ వారం ఎండలు ముదిరాయి. మా ఆయన పెదాలు ఎండిపోయి చిట్లాయి. నోరు తెరిచి నన్ను అడిగేవారు కాదు, మూలనున్న కుండ వైపు చూసేవారంతే. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. చెంబు అయిపోయాక అర గ్లాసు ఇచ్చాను. సాయంత్రం ఇంకో అర గ్లాసు. మర్నాడు మజ్జిగ. రేపు మిషన్ ఎటూ తీసేస్తుందిగా అనుకున్నాను. తమ్ముడు కారుకు చెప్పిన మాటనే నేను మొగుడికి చెప్పుకున్నాను. పొద్దున బరువు చూస్తే గోడ మీద కాగితంలో పై అంకె కన్నా మూడున్నర కిలోలు ఎక్కువుంది. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు.

పన్నెండు గంటలకు మా వంతు. తొమ్మిదిన్నరకే బయల్దేరాం. ఆయన కూర్చున్నా ఆయాసపడుతున్నారు. మార్టూరు దాటాక హైవే మీద గ్రానైటు బండలు మోసుకెళ్లే లారీలు. ఒక్కో లారీ పక్క నుంచి పోతుంటే మా కారు వణికింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనబడలేదు, తెల్లటి పొగ. డాష్‌బోర్డు మీద ఎర్రగా చిన్న నూనె దీపం బొమ్మ ఒకసారి వెలిగి ఆరింది. నా చూపు మసకలే అనుకున్నాను. మళ్లీ వెలిగింది. ఈసారి ఆరలేదు. ఇంజన్లోంచి టకటకమని చప్పుడు.

చిలకలూరిపేట ఇంకా రాలేదు. సర్వీసు రోడ్డులోకి దింపి ఆపాను. దిగి ఆటోల కోసం చేతులూపాను. వచ్చినవన్నీ నిండుగానే వచ్చాయి, తలల మీద గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు జాలిగా చూస్తూ వెళ్లిపోయారు. అంబులెన్సుకు ఫోను చేస్తే వస్తున్నాం, నలభై నిమిషాలు పడుతుంది అన్నారు. ఆయన డోరు తెరిచి, కాళ్లు బయట పెట్టి, ముందుకు వంగి గాలి తాగుతున్నారు. ప్రభువా ప్రభువా అనడం తప్ప నాకు ప్రార్థన కూడా నోటికి రాలేదు.

కాస్త దూరంలో రేకుల షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ నడివయసు మనిషి, మమ్మల్ని చూసి తనే నడిచి వచ్చాడు. గేజీ పుల్ల లాగి చూసి, నా వైపు చూశాడు.

"ఎవరమ్మా ఇంత పోసింది? ఇంజన్లో పోశారా, బిందెలో పోశారా?"

"ఎక్కువైతే తప్పేంటండీ?"

"తప్పేంటా? లోపల తిరిగే రాడ్లు ఆయిల్లో మునిగి మజ్జిగ చిలికినట్టు చిలికేస్తాయి. అంతా నురుగవుద్ది. నురుగుని పంపు లాగలేదు. ఇంతుండి కూడా పైకి చుక్క ఎక్కట్లా. ఇంకో రెండు కిలోమీటర్లు తోలుంటే ఇంజన్ పట్టేసేది."

నేను మా ఆయన కాళ్ల వైపు చూశాను. ఇంత నీరుండి కూడా ఊపిరి అందని మనిషి.

మెకానిక్ కింద పళ్లెం పెట్టి ఆయిలంతా దించేశాడు. పలచనిదీ చిక్కనిదీ కలిసి బూడిద రంగు నురుగు కారింది. "ముందు నుంచీ ఏది వాడుతున్నారో చెప్పండి, అదే పోద్దాం. నా దగ్గరున్నది డీజిల్ బండ్లది, మళ్లీ తేడా కొడితే నాది పూచీ కాదు" అన్నాడు.

నేను కారు ముందు నుంచి డోరు దగ్గరికి వచ్చాను.

"ఏవండీ, ఏ ఆయిలండీ?"

ఆయన తల ఎత్తలేదు.

"మీకు తెలుసు. ఇరవై ఏళ్లు మీరే పోశారు. చెప్పండి!"

"ఎందుకే," అన్నారు. ఒక్కో మాటకూ ఊపిరి ఆగుతోంది. "ఆగిపోయింది కదా. ఇంక ఆగనీ."

"ఏం ఆగనీ?"

"బండి ఆగితే... నువ్వు ఆగుతావని. పొద్దున లేస్తే ఈ రోడ్డు. నీకు అరవై వస్తన్నాయి. నేను వద్దంటే నువ్వు వినవు. బండి వద్దంటే వింటావని... ఏ ఆయిలో చెప్పలా."

అప్పుడర్థమైంది నాకు, ఆ రోజు ఏదో ఒకటి పొయ్యమని ఎందుకన్నారో. పొగ వస్తుంటే ఎందుకు చూస్తూ కూర్చున్నారో. రోజూ పొద్దున ఆయిలు తగ్గిందని నేను భయంతో చస్తుంటే, ఆయన వరండాలో కూర్చుని అది తగ్గిపోవాలని కోరుకున్నారు. దయతోనే కోరుకున్నారు. ఆ దయను తీసుకెళ్లి ఆ లారీల కింద పడేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

"బండి ఆగితే నాకు విశ్రాంతి అనుకున్నారా?" అరిచాను. నడిరోడ్డు, పరాయి మనిషి పక్కనే ఉన్నాడు, సిగ్గు లేకుండా అరిచాను. "మీరు పోయాక నేను పొద్దున లేచి ఏం చూడాలి? ఆ మిషన్ ఎక్కి నా బరువు చూసుకోనా? నాకు ఈ రోడ్డే కావాలి. వారానికి మూడుసార్లు కావాలి. గేరు తప్పు వేస్తే తిట్టడానికి పక్కన మీరు కావాలి. అరిగిపోయిన బండినే నేను వదల్లేదు. మిమ్మల్ని వదులుతానా? చెప్పండి, ఏ ఆయిలు?"

మెకానిక్ లేచి షెడ్డు వైపు నడిచి, పని లేకపోయినా ఏవో స్పానర్లు సర్దాడు. మంచి మనిషి.

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కారు వెనక వైపు చెయ్యి చూపించారు.

"ట్వంటీ ఫార్టీ. పెట్రోలు బండ్లది. స్టెప్నీ పక్కన... గోనెపట్టాలో చుట్టి ఉంది."

పరుగెత్తి డిక్కీ తీశాను. స్టెప్నీ పక్క సందులో, నేను ఎన్నడూ చెయ్యి పెట్టని చోట, సీలు తియ్యని డబ్బా. జబ్బు చెయ్యకముందు కొని దాచింది. గుంటూరు వెళ్లిన ప్రతిసారీ అది మా వీపుల వెనకే వచ్చింది.

మెకానిక్ ఫిల్టరు మార్చి, డబ్బా మూత తీశాడు. పొయ్యబోతుంటే మా ఆయన, "ఆగబ్బాయ్" అన్నారు. చెయ్యి చాపారు. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చెయ్యి. మెకానిక్ డబ్బా వంచి వేలి మీద ఒక చుక్క వేశాడు. ఆయన రెండు వేళ్లతో రాసి, కళ్లు మూసుకుని, తల ఊపారు. పోస్తున్నంతసేపూ నన్ను గేజీ పుల్ల పట్టుకుని నిలబడమన్నారు. "పై గీత దగ్గరికి రాకముందే ఆపు. ఒక వేలు తక్కువున్నా పర్లా, ఎక్కువొద్దు." స్టార్టు చేస్తే ఎర్ర బొమ్మ ఆరిపోయింది. చప్పుడు తగ్గింది. అప్పుడే వచ్చిన అంబులెన్సులో ఆయన్ని ఎక్కించాం. ఆక్సిజన్ పెట్టారు. నేను వెనకాలే కారు తోలుకుంటూ వెళ్లాను. దారి పొడుగునా అంబులెన్సు వెనక అద్దం మీదే నా చూపు.

ఆ రోజు మిషన్ ఆయన ఒంట్లోంచి మూడు లీటర్లకు పైగా నీరు తీసింది. సిస్టరు నన్ను పక్కకు పిలిచి గట్టిగా చివాట్లు పెట్టింది. పడ్డాను. నేను పోసిన నీళ్లే కదా.

ఇప్పటికీ ఏమీ బాగుపడలేదు. కిడ్నీలు తిరిగి రావు. ఇంజన్ రింగులు అరిగాయి, ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సిందే అన్నాడు మెకానిక్. విప్పితే మళ్లీ కూర్చుంటుందో లేదో చెప్పలేనన్నాడు. డాక్టరు కూడా ఆయన గుండె గురించి ఇంచుమించు అదే మాట చెప్పాడు. ఈ రెండింట్లో ఏది ముందు అని తెల్లవారుజామున పడుకుని ఆలోచిస్తుంటాను. కుండను వంటింట్లోకి మార్చేశాను, ఆయన చూపుకు అందకుండా. అడగకుండానే అర గ్లాసు పోసే నా చెయ్యిని కట్టేసుకోవడం కన్నా కష్టమైన పని నాకు ఈ లోకంలో కనబడలేదు.

మొన్న పొద్దున బానెట్ ఎత్తి, గేజీ పుల్ల గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి లాగాను. వెనక నుంచి వరండాలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఎంతుంది?" అన్నారు ఆయన.

జబ్బు చేశాక ఆ మాట అడగడం అదే మొదటిసారి. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడ్చేస్తాను.

"రెండు గీతల మధ్యే ఉందండీ."

కాసేపటికి బరువు మిషన్ కిర్రుమంది. నేను పట్టుకోకుండానే ఆయన దాని మీదకు ఎక్కి నిలబడ్డారు.

"వచ్చి నాది కూడా చూడు," అన్నారు.